ఉత్తరం వెనక పేజీ

మీర్‌కూర్ ఊళ్ళో వాల్దనేర్ వారింటికి ఉత్తరం వస్తే ఆదివారం దాకా ఎవరూ దాన్ని విప్పడానికి వీల్లేదు. అది ఇంటి యజమానురాలు మదాం వాల్దనేర్ పెట్టిన చట్టం. దేశంలో రాజు పోయి చక్రవర్తి వచ్చాడు, చక్రవర్తి పోయి మళ్ళీ రాజొచ్చాడు. ఎవరొచ్చినా ఆవిడ చట్టాల జోలికి మాత్రం పోలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలు ముగించి, బల్ల మీద రొట్టె పొడి దులిపాక కూతురు ఆపొలీన్ లేచి నిలబడి ఉత్తరాన్ని గట్టిగా చదవాలి. ఇంటిల్లిపాదీ వినాలి. వంటమనిషి బార్బ్ కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడేది.

రాసేది ఆ ఇంటి ఒక్కగానొక్క కొడుకు ప్రోస్పెర్. గనుల ఇంజినీరు. పారిస్‌లో చదువు ముగించి, సుత్తి ఒకటి సంచిలో వేసుకుని, ఎక్కడ నేల తవ్వుతుంటే అక్కడికల్లా పోయేవాడు. ఎక్కడున్నా వారం తప్పకుండా రాసేవాడు. రాయడమైతే రాసేవాడుగానీ ఒక్క కాగితమే రాయాలి. తపాలా ఖర్చు రాసినవాడు కట్టడు, అందుకున్నవాళ్ళు కడతారు. రెండో కాగితం పెడితే రెట్టింపు. "ఒక కాగితంలో పట్టని కబుర్లు ఏముంటాయే వాడికి? వాడేమన్నా రాజ్యమేలుతున్నాడా?" అనేది తల్లి.

ఇక అన్నింటికంటే గట్టి చట్టం మూడోది. వెనక పేజీ చదవకూడదు.

ఎందుకంటే ప్రోస్పెర్ ముందు పేజీలో ఆరోగ్యం, తిండి, చలి, బూట్లు, బంధువులకి నమస్కారాలు రాసేవాడు. పేజీ తిప్పాడో, ఇక రాళ్ళే. ఎర్ర రాయి, నీలం రాయి, రాయి కింద మట్టి, మట్టి కింద మళ్ళీ రాయి. ఒకసారి సున్నపురాయి పొరల గురించి చదువుతుంటే స్కొలాస్తిక్ అత్త నిద్రపోయి కుర్చీలోంచి జారి కిందపడింది. ఆవిడ చనిపోయిన వాల్దనేర్ గారికి అక్క. నిండా డెబ్బై దాటిన మనిషి. తుంటి విరగలేదు, అదృష్టం. ఆ రోజు నుంచి ఆపొలీన్ పేజీ తిప్పబోతుండగానే తల్లి చెయ్యెత్తేది.

"రాళ్ళొచ్చాయా?"

"వచ్చాయమ్మా."

"మడిచెయ్."

ఆపొలీన్ మడిచేది. మడిచి జేబులో వేసుకునేది. తర్వాత మేడ మీద కిటికీ దగ్గర, లేసు అల్లే దిండు పక్కన పెట్టుకుని, ఆ వెనక పేజీ ఒక్కతే చదువుకునేది. తమ్ముడికి అక్షరాలు దిద్దించింది తనే. వాడు ఆ రాళ్ళని ఎంత ముద్దుగా రాస్తాడో తనకి తెలుసు. ఇంట్లో ఇంకెవరికీ తెలీదు, అక్కర్లేదు కూడా.

చక్రవర్తి ఏదో దూరపు దీవిలో కన్నుమూశాడని కబురొచ్చిన మరుసటి ఏడు ప్రోస్పెర్‌ని వెర్‌మోన్ అనే పల్లెకి పంపారు. అక్కడ నేల అడుగున ఉప్పు ఉందని అనుమానం. ఉందో లేదో తేల్చడానికి బావి తవ్వుతున్నారు. వెర్‌మోన్‌కి మీర్‌కూర్ నుంచి ఒక్క రోజు బండి ప్రయాణం. ఆ శరదృతువులో వాడి ఉత్తరం ముందు పేజీలోనే ఒక మాట వచ్చింది. బావి పని కొనసాగితే గని పక్కనే ఇల్లిస్తారట, పెరడుతో సహా. అక్క వచ్చి ఇల్లు చూసుకుంటే బాగుంటుంది. పని ఆపేస్తే మాత్రం తనని కోర్సికా దీవికి వేస్తారట.

ఆపొలీన్ ఆ వరస రెండుసార్లు చదివింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకే వీధి, ఒకే కిటికీ, ఒకే లేసు దిండు. పెళ్ళి సంబంధాలు వచ్చాయి, పోయాయి. పోయినందుకు ఆవిడ పెద్దగా ఏడవలేదు. కానీ ఈ ఇల్లు, ఈ పెరడు, ఆ బావి దగ్గర నిలబడి రాళ్ళు కళ్ళారా చూడటం! ఇది పోతే మాత్రం ఏడుస్తుంది. ఆ సంగతి ఆవిడ తనకి తనే చెప్పుకుంది.

తల్లి తీర్పు చెప్పింది.

"ఒక్క రోజు ప్రయాణమైతే వెళ్ళు. నెలకోసారి వచ్చి కనపడాలి. కోర్సికా అన్నావో, కాళ్ళు విరగ్గొడతా. ఆ దీవిలో వాళ్ళు ఊరికే మనుషుల్ని పొడుస్తారట."

అంటే ఆపొలీన్ బతుకంతా ఇప్పుడు ఆ బావి అడుగున ఉందన్నమాట.

*

నవంబరు మొదట్లో వచ్చిన ఉత్తరంలో ముందు పేజీ చివర ఇలా ఉంది: "ఒక చెక్కపెట్టె పంపుతున్నాను. అందులో అమ్మకి ఒక కానుక ఉంది. ఏది అన్నది చూస్తే తనకే తెలుస్తుంది."

"కానుకా!" అంది తల్లి, కూర్చున్నది కూర్చున్నట్టే ఉప్పొంగిపోయి. "ఇంకా?"

"ఇంకంతా వెనక పేజీ అమ్మా."

"మడిచెయ్."

ఆపొలీన్ మడిచిందిగానీ జేబు దాకా తీసుకెళ్ళే వీలు దొరకలేదు. ఆ రోజు ఫాదరీ గారి చెల్లెలు చూడ్డానికి వచ్చి ఉంది. "మా అన్నయ్యకి చూపించి ఇస్తా, ప్రోస్పెర్ కబుర్లంటే ఆయనకి ఇష్టం" అని ఉత్తరం చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. ఉత్తరాలు ఇల్లిల్లూ తిరగడం ఆ ఊరి అలవాటే. ఎవరూ కాదనరు. ఆ ఉత్తరం ఫాదరీ గారింటికి, అక్కణ్ణుంచి డాక్టరు గారింటికి, అక్కణ్ణుంచి వయొలిన్లు చేసే వాళ్ళింటికి, ఆ తర్వాత పొరుగూరిలో పినతండ్రి కూతురి దగ్గరికి ప్రయాణం కట్టింది. ఇన్నిళ్ళు తిరిగినా పేజీ తిప్పిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

పెట్టె వచ్చేసరికి ఇల్లంతా హడావిడి. మర్నాడు సెయింట్ మార్టిన్ పండుగ. పందిని కోసే రోజు. ఉప్పు తొట్టి కడిగి ఎండకి పెట్టారు. ఉప్పు మీద సర్కారు వేసిన పన్ను మూలాన ఉప్పు కొనాలంటేనే మదాం వాల్దనేర్‌కి ప్రాణం పోయినంత పనయ్యేది. అలాంటప్పుడు పెట్టె మూత ఊడదీస్తే, ఎర్ర రాళ్ళు, బూడిద రాళ్ళు, ఏదో చుట్ట చుట్టుకున్న నల్ల రాయి. వాటి మధ్య గడ్డిలో చుట్టి, దూడ తలంత తెల్లటి బండ. దీపం పెడితే లోపలికి వెలుగు పోతోంది.

తల్లి వేలు తడిచేసి దాని మీద రాసి నోట్లో పెట్టుకుంది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఉప్పే! ఒసేయ్, ఉప్పే! నా తండ్రి, నా బంగారం! అమ్మకి ఏ రోజు ఏం కావాలో వాడికి ఎట్లా తెలిసిందే? ఇన్నాళ్ళకి రాళ్ళలోంచి పనికొచ్చేది ఒకటి తీశాడు!"

"అమ్మా," అంది ఆపొలీన్. "ఇదే కానుకని ఏం తెలుసు? ఒక్కమాట వాడికి రాసి అడుగుదాం."

"నువ్వు రాసి, వాడు చూసి, జవాబు వచ్చి, అది ఆదివారం చదివేలోపు పంది ముసలిదై దానంతటదే చస్తుంది. బార్బ్! సుత్తి పట్రా."

బార్బ్ సుత్తి తెచ్చింది. ఆవిడ చెయ్యి మోటుది. పొద్దుగూకేలోపు బండ పొడైంది. మర్నాడు పంది దానిలో ఊరింది. ముక్క ఒకటి మిగిలితే బార్బ్ దాన్ని మేకల కొట్టంలో తాడుకి వేలాడగట్టింది, ముసలి మేక నాక్కుంటుందని. చుట్ట చుట్టుకున్న నల్ల రాయి చూడ్డానికి బాగుంది, బరువుగా ఉంది. ఊరేసిన క్యాబేజీ జాడీ మూత మీద బరువు పెట్టారు.

చెప్పకేం, ఆ ఏడు కుదిరినంత బాగా ఉప్పుమాంసం ఎప్పుడూ కుదరలేదు. స్కొలాస్తిక్ అత్త పళ్ళు లేకపోయినా రెండు పూటలా అడిగి వేయించుకుంది.

*

ఆ నెలాఖరు ఆదివారం మళ్ళీ ఉత్తరం. బల్ల మీద క్యాబేజీ, చిక్కుడు గింజలు, ఉప్పుమాంసం కలిపి ఉడికించిన పెద్ద కుండ ఇంకా పొగలు కక్కుతోంది. ఆపొలీన్ లేచి నిలబడి చదవడం మొదలుపెట్టింది.

"'ప్రియమైన అమ్మా, అత్తా, అక్కా. డిసెంబరు మొదట్లో, మా గనివాళ్ళ సాంత్ బార్బ్ పండుగ రోజున ఇంటికి వస్తున్నాను. నాతోపాటు పారిస్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు దెలోర్వాల్ గారు వస్తారు. బావి ఉంచాలో మూసెయ్యాలో చెప్పేది ఆయనే. బావిలోకి నీళ్ళు పొంగి పని ఆగిపోయింది. ఎండాకాలం దాకా కొత్త ముక్క తీయలేం. ఆయనకి చూపించడానికి మిగిలింది మన ఇంట్లో దాచమని పంపిన తెల్ల బండ ఒక్కటే. మా షెడ్డు కురుస్తోంది, చెమ్మకి ఉప్పు కరిగిపోతుంది కాబట్టే మన వంటింటి గూట్లో పెట్టమన్నాను. ఊపిరి కూడా తగలనివ్వొద్దని రాశాను కదా. దాన్ని బల్ల మీద తెల్లగుడ్డ కప్పి...'"

ఆపొలీన్ ఆగిపోయింది.

అందరూ మెల్లగా తలలు వంచి తమ తమ పళ్ళేల వైపు చూసుకున్నారు. స్కొలాస్తిక్ అత్త ఒక్కతే నములుతోంది. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు.

"ఎప్పుడు రాశాడు ఊపిరి తగలనివ్వొద్దని?" అంది తల్లి.

"పోయిన ఉత్తరంలో. వెనక పేజీలో అయ్యుంటుంది."

"నువ్వెందుకు చదవలేదు?"

"మడిచెయ్యమన్నది ఎవరమ్మా?"

"నేను మడిచెయ్యమంటే మడిచేస్తావా? బుద్ధి లేదూ?"

ఆపొలీన్ కుర్చీలో కూలబడింది. పెరడున్న ఇల్లు, గని, బండి ప్రయాణం, అంతా ఆ కుండలో చిక్కుడు గింజల మధ్య తేలుతోంది. తనే, తన చేత్తోనే, రెండో ముద్ద వడ్డించుకుంది కూడా.

బార్బ్ ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుపు లంకించుకుంది. "అయ్యో అమ్మగారూ, నేను కొట్టిన ప్రతి దెబ్బా చిన్నయ్యగారి నెత్తిన కొట్టినట్టయిందే!"

"ఊరుకోవే! శోకాలు తర్వాత. మేక దగ్గర మిగిలింది ఎంతుంది?"

మిగిలింది పిడికెడు. మేక నాకి నాకి కోడిగుడ్డులా నున్నగా చేసి పెట్టింది. మదాం వాల్దనేర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఓడిపోవడం ఆవిడ రక్తంలో లేదు.

"బండే కదా కావాలి? బండ చేద్దాం," అంది.

చేశారు కూడా. అంగడి ఉప్పు తెచ్చి, తడిపి, పండుగ కేకులు చేసే మట్టి అచ్చులో దట్టించి, పొయ్యి మీద ఆరబెట్టారు. ఆ అచ్చుకి చుట్టూ గాడులు, మధ్యలో గొట్టం. ఇంట్లో అంత లోతైన అచ్చు ఇంకోటి లేదు మరి. తీసి చూస్తే ఉప్పు కేకు ఒకటి తయారైంది, ముద్దొచ్చేలా, నడుమ చిల్లుతో సహా.

"అమ్మా, భూమి లోపల ఇలా దొరకదు," అంది ఆపొలీన్.

"నువ్వెళ్ళి చూశావా? మట్టితో చిల్లు పూడ్చు. గుడ్డ కప్పు. మిగతాది నా వంట చూసుకుంటుంది. కడుపు నిండిన మగాడు దేన్నీ పరీక్షగా చూడడు."

"చూసి కనిపెడితే? తమ్ముడు దొంగ రాయి పెట్టాడంటారు. ఉద్యోగమే పోతుంది."

తల్లి తనే గుడ్డ అందుకుని కప్పింది, సరిగ్గా లేదని తీసి మళ్ళీ కప్పింది. అమ్మ భయపడటం ఆపొలీన్ ఇంతకు ముందు ఒకే ఒక్కసారి, నాన్న పోయినప్పుడు చూసింది.

*

సాంత్ బార్బ్ అంటే గని పనివాళ్ళని కాపాడే తల్లి. ఆ రోజు గనుల్లో పని చెయ్యరు, తింటారు, తాగుతారు. వంటమనిషి బార్బ్‌ది కూడా అదే పేరు కాబట్టి ఆవిడకీ పండుగే. కొత్త టోపీ పెట్టుకుంది, దాని కింద మొహం మాత్రం చావుకొచ్చినట్టుంది.

మధ్యాహ్నానికి బండి దిగారు. ప్రోస్పెర్ చిక్కిపోయాడు. తల్లిని కావలించుకుని, అత్త చెయ్యి ముద్దు పెట్టుకుని, అక్క చెవిలో "ఏదీ, భద్రంగా ఉందా?" అన్నాడు. ఆపొలీన్ ఏదో దగ్గింది. ఇన్‌స్పెక్టరు దెలోర్వాల్ గారు గుండ్రటి మనిషి, ఎర్రటి బుగ్గలు, ఎప్పుడూ కొంచెం చిరాకు. అప్పుడే పొరుగూరి బండివాడు ఒక ఉత్తరం తెచ్చి ఆపొలీన్ చేతిలో పెట్టాడు. పినతండ్రి కూతురు ఇన్నాళ్ళకి తిప్పి పంపిన నవంబరు ఉత్తరం! విప్పే టైమెక్కడిది? అది కాస్తా జేబులోకి పోయింది.

వడ్డించారు. పక్క బల్ల మీద తెల్లగుడ్డ కింద కేకు ఆకారం కూర్చుని ఉంది. ప్రోస్పెర్ చూపు దాని మీదే ఉంది. తల్లి చూపు ఇన్‌స్పెక్టరు పళ్ళెం మీద ఉంది.

ఇన్‌స్పెక్టరు మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. చిరాకు కాస్త తగ్గింది. రెండోసారి వేయించుకున్నాడు. మిరబెల్ పళ్ళ సారా ఒక గుక్క తాగాడు. మూడోసారి తనే గరిటె అందుకున్నాడు.

"అమ్మా, ఉప్పుమాంసమంటే ఇదీ! పారిస్‌లో ఇలాంటిది ఎక్కడ దొరుకుతుంది? అక్కడంతా సముద్రపు ఉప్పు వెయ్యడం, నోరు పాడైపోవడం." తర్వాత ప్రోస్పెర్ వైపు తిరిగి నిట్టూర్చాడు. "వాల్దనేర్, నీ ఎదుటే చెబుతున్నా, బాధపడకు. మీ బావి మూసెయ్యక తప్పదు. నేలలో ఉప్పు ఉంటే ఉండొచ్చు. కానీ తినడానికి పనికిరాదు. జిప్సం కలిసి చేదెక్కుతుంది. కడుపు నొప్పులొస్తాయి. ఏ ఇల్లాలూ దాన్ని వంటింట్లోకి రానివ్వదు. ఆ గుడ్డ కింద ఎంత తెల్ల బండ ఉన్నా నా మాట మారదు. సరే, చూద్దాం, తియ్యి."

ప్రోస్పెర్ లేచి గుడ్డ దగ్గరికి చెయ్యి చాపాడు.

ఆపొలీన్ అడ్డం వచ్చి గుడ్డ మీద చెయ్యి పెట్టింది.

"అయ్యా, మీరు మూడుసార్లు వడ్డించుకున్నది ఆ ఉప్పే."

"ఆఁ?"

"తమ్ముడు పంపిన బండ. మేం పగలగొట్టి పందిని ఊరేశాం. అది తాకకూడదని తెలీక. తప్పు మాదే, వాడికి తెలీదు. మూడు వారాలుగా ఇంటిల్లిపాదీ అదే తింటున్నాం. మా అత్తని చూడండి."

అందరూ స్కొలాస్తిక్ అత్తని చూశారు. ఆవిడ సూపులో రొట్టె ముంచుకుంటూ, ఎందుకు చూస్తున్నారో తెలీక అందరికీ ఒక నవ్వు పంచింది.

"అక్కా!" అన్నాడు ప్రోస్పెర్.

"మరి ఇదేంటి?" అని ఇన్‌స్పెక్టరు లేచి గుడ్డ లాగేశాడు. గాడుల కేకు బయటపడింది. చిల్లులో పూడ్చిన మట్టి ఎండి ముక్కలై రాలిపోయింది. ఆయన దాన్ని చూశాడు, ఎత్తి చిల్లులోంచి అవతలికి చూశాడు. "ఓహో. మీ వెర్‌మోన్‌లో నేల అడుగున కేకు అచ్చులు కూడా ఉన్నాయన్నమాట!"

"అది నా పని," అంది మదాం వాల్దనేర్, నిటారుగా కూర్చుని. "నా కొడుకు ఉద్యోగం పోతుందని చేశాను. తిడితే నన్ను తిట్టండి. అయినా మూడుసార్లు తిన్న నోటితో ఎట్లా తిడతారో నేనూ చూస్తాను."

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోవడానికి గడ్డం రుద్దుకున్నాడు. కానీ ఉద్యోగి కదా, మళ్ళీ మొహం బిగించాడు. "మాటలు బాగానే ఉన్నాయి. ఇది గని ఉప్పేనని, అంగట్లో ఉప్పు కాదని నాకేంటి నమ్మకం?"

బార్బ్ గుమ్మంలోంచి ఒక్క పరుగు తీసింది. తిరిగొచ్చి మేక నాకిన ముక్క పళ్ళెంలో పెట్టి ఆయన ముందు ఉంచింది. తాడు కూడా ఇంకా దానికే ఉంది.

"ఎర్ర చార ఉందా దాని మీద?" అని ప్రోస్పెర్ కుర్చీ తోసి లేచాడు. "ఉంది! చూడండి, రెండుగా చీలి మళ్ళీ కలిసింది. నవంబరులోనే రాశానండీ ఆ చార గురించి, ఉత్తరంలో. అక్కా, ఆ ఉత్తరమేదీ?"

ఆపొలీన్ జేబులోంచి తీసింది. అలవాటు ప్రకారం లేచి నిలబడింది. పేజీ తిప్పింది. తల్లి వైపు చూసింది. మదాం వాల్దనేర్ చెయ్యి ఎత్తలేదు. ఆ ఇంట్లో వెనక పేజీ అలా మళ్ళీ గొంతు విప్పింది.

"'అక్కా, ఈ పేజీ నువ్వొక్కదానివే మేడ మీద చదువుతావని తెలుసు. చివరికి ఉప్పు తగిలింది! పంపిన తెల్ల బండకి ఒక పక్క వేలెడు ఎర్ర చార ఉంది. మధ్యలో రెండుగా చీలి మళ్ళీ కలుస్తుంది. దాన్నిబట్టి గుర్తుపట్టి పొయ్యి పక్క గూట్లో దాచు. ఊపిరి కూడా తగలనివ్వొద్దు. నల్లటి చుట్టరాయి అమ్మకి కానుక. అది ఒకప్పుడు ప్రాణమున్న శంఖం...'"

"క్యాబేజీ జాడీ మీదుంది," అంది బార్బ్ చిన్నగా.

"'...ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేది, అక్కా. పారిస్ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు వస్తాడట. మంచివాడేగానీ కడుపు చెప్పిన మాట తప్ప ఇంకెవరి మాటా వినడని...'" ఆపొలీన్ నాలిక్కరుచుకుంది.

"చదవమ్మా, చదువు. అబద్ధమేం రాయలేదు," అన్నాడు దెలోర్వాల్ గారు.

ప్రోస్పెర్ కంగారుగా చెయ్యి ఊపాడు. "అక్కడితో చాలక్కా. ఎర్ర చార సంగతి అయిపోయింది కదా."

కానీ ఆపొలీన్ కళ్ళు తర్వాతి వరస మీద పడ్డాయి. ఇన్నేళ్ళూ ఇలాంటి వరసలు ఒక్కతే చదువుకుని ఒక్కతే దాచుకుంది. ఈసారి దాచబుద్ధి కాలేదు.

"'బండ తగలగానే పనివాళ్ళు నా మొహంలోకి చూశారు. నేను వంగి నాలుకతో తాకాను. నిజం చెప్పనా? నాకు అమ్మ చేసే సూపు గుర్తొచ్చింది. అంత లోతులో, ఆ చీకట్లో, మన వంటింట్లో నిలబడ్డట్టే అయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీపం పొగ అని చెప్పాను. కోర్సికాకి వేస్తే వెళ్తాను, ఉద్యోగం కదా. కానీ వెళ్ళాలని లేదు. అమ్మకి చెప్పకు, బెంగపెట్టుకుంటుంది. ఆవిడ ఈ పేజీ వినదు కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.'"

ఆపొలీన్ కాగితం దించింది. ప్రోస్పెర్ చెవులు ఎర్రబడ్డాయి. మదాం వాల్దనేర్ రుమాలు కోసం వెతుక్కుని, దొరక్క, బల్ల మీద గుడ్డ కొసతోనే కళ్ళు తుడుచుకుంది.

"ఎన్నేళ్ళుగా రాస్తున్నావురా ఇట్లా, వెనకాల?"

"మొదట్నుంచీ అమ్మా."

"నేనేమో రాళ్ళనుకున్నాను," అంది ఆవిడ. కొడుకు చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు నున్నటి ముక్కని జేబురుమాల్లో మూటగట్టాడు. తర్వాత అదే ఉప్పులో ఊరి, వంటింటి గుమ్మం పైన వేలాడుతున్న పంది తొడ వైపు చూశాడు.

"మదాం, అది నాకివ్వాలి."

"తినడానికా?"

"కాదు, పారిస్‌కి. అక్కడ గనుల కౌన్సిల్ పెద్దలకి నేను ఇరవై పేజీలు రాసిస్తే మొదటి పేజీ చదివి మడిచేస్తారు. వెనక పేజీ తిప్పరు వాళ్ళూ. దీన్ని కోసి ముందు పెడితే బావి ఎందుకు మూయకూడదో వాళ్ళకే అర్థమవుతుంది."

తల్లి తనే కుర్చీ ఎక్కి తొడ దింపింది. ప్రోస్పెర్ దానికి ఒక చీటీ కట్టాడు, మిగతా రాళ్ళకి కట్టినట్టే: వెర్‌మోన్ బావి, తెల్ల ఉప్పు, నమూనా. బార్బ్ అప్పటికిగాని మొదటి గ్లాసు తాగలేదు. తాగాక ఆవిడని ఆపడం ఎవరి వల్లా కాలేదు. పండుగ ఆవిడది కదా.

*

బావిలో నీళ్ళు తోడే యంత్రాలకి అనుమతి ఫిబ్రవరిలో వచ్చింది. మార్చిలో ఆపొలీన్ బండెక్కింది, లేసు దిండు ఇంట్లోనే వదిలేసి. అత్త ఏడ్చింది, బార్బ్ ఏడ్చింది. తల్లి ఏడవలేదు, చలికి జాగ్రత్తని, మగవాళ్ళ మధ్య తల వంచుకుని నడవమని, కోళ్ళని కొనేటప్పుడు కాళ్ళు చూసి కొనమని బండి కదిలేదాకా చెబుతూనే ఉంది. చుట్టరాయి ఇప్పుడు ఆవిడ పొయ్యి మీది అరలో, మేరీమాత బొమ్మ పక్కన ఉంది. వచ్చిన ప్రతివాళ్ళకీ అది ఒకప్పుడు ప్రాణంతో ఉండేదని చెప్పి భయపెడుతుంది.

వెర్‌మోన్ నుంచి ఆపొలీన్ మొదటి ఉత్తరం రాసింది. ఒక్క కాగితమే, చట్టం ప్రకారం. ముందు పేజీలో ఇల్లు, పెరడు, ఆరు కోళ్ళు, తమ్ముడి దగ్గు. వెనక పేజీలో, పనివాళ్ళని బతిమాలి, తమ్ముడితో పోట్లాడి, పెద్ద తొట్టిలో కూర్చుని బావిలోకి దిగిన సంగతి. ఎర్ర మట్టి దాటింది, బూడిద రాయి దాటింది. కిందికి పోయే కొద్దీ పైనున్న వెలుగు నాణెమంత అయింది. గోడ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. సరిగ్గా తెల్ల ఉప్పు కనపడే చోటికి వచ్చేసరికి కాగితం అయిపోయింది. ప్రేమతో మీ ఆపొలీన్ అని అంచున ఇరికించి మడిచేసింది.

జవాబు పది రోజుల్లో వచ్చింది. ఇంట్లో చదివేవాళ్ళు లేక, తల్లి కళ్ళజోడు కొనుక్కుని తనే చదువుకుందట. జవాబు కూడా తనే రాసింది, వరసలు పైకీ కిందకీ పోతూ:

"ఆపొలీన్, నీ కోళ్ళ సంగతి ఇంకా చదవలేదు, తీరికగా చదువుతా. ఆదివారం దాకా ఆగలేక బుధవారమే విప్పాను. వెనక పేజీ అత్తకి రెండుసార్లు వినిపించాను, ఆవిడ నిద్రపోలేదు. సగం బావిలో మమ్మల్ని వేలాడదీసి ప్రేమతో అని సంతకం పెడతావా? బుద్ధుందా నీకు? తొట్టి కిందికి చేరిందా లేదా? తెల్లగా ఉందా? నువ్వు కూడా నాలుకతో తాకావా? వెంటనే రాయి. కాగితం చాలకపోతే రెండోది తీసుకో."